ట్యాంకరు నీళ్ళతో లాన్ ఎందుకు? నేల పరుచుకునే పూలుండగా!

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. గేటుకీ వరండాకీ మధ్య సెంటు జాగా ఖాళీగా మిగిలింది. అక్కడ ఏం చేద్దాం?

నరసరావుపేటలో ఈ ప్రశ్నకు ఎక్కువగా రెండు జవాబులు వినిపిస్తాయి. కడియం నర్సరీల నుంచి మెక్సికన్ గడ్డి తెప్పించి లాన్ పరిపించడం ఒకటి. ఆ బాదరబందీ పడలేమని గేటు దాకా పార్కింగ్ టైల్స్ వేయించడం రెండోది. మొదటి దారిలో వెళ్ళినవాళ్ళు చాలామంది రెండు వేసవులు దాటేసరికి రెండో దారికే వస్తారు. గడ్డి ఎండిపోతుంది, మనసు విరిగిపోతుంది, మేస్త్రీకి ఫోన్ వెళ్తుంది. టైల్స్ పడ్డాక మే నెల సాయంత్రం ఏడు గంటలకు కూడా వరండాలో కూర్చోలేరు, పగలంతా తాగిన వేడిని అవి రాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ గడ్డి వేస్తే పగటి వేడి ఇంకా ఎక్కువ.

మీరూ ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉన్నారా? అయితే మేస్త్రీకి ఫోన్ చేసే ముందు ఈ అధ్యాయం చదవండి. మూడో దారి ఉంది. మన ఎండకు తట్టుకుని, తక్కువ నీళ్ళతో బతికి, నేలంతా పరుచుకుని, పైగా పూలు కూడా పూసే మొక్కలతో వాకిలి నింపుకోవడం. ఖర్చు తక్కువ. కావలసింది సరైన నెల, ఒక వానాకాలం ఓపిక.

1. ముందు నీళ్ళ లెక్క వేసుకోండి

మొక్కల సంగతి తర్వాత. కాగితం తీసుకుని ఈ లెక్క మీరే వేయండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్ళు పోస్తే అది ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్లు తడపాలి. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అంటే రోజుకు 200 లీటర్లు, పది వాటర్ క్యాన్లు. నెలకు 6,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి తెప్పించినా చాలదు.

ఇది మామూలు ఎండకు వేసిన లెక్క. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ నమోదైందని వార్తల్లో చెప్పినప్పుడు రెంటచింతల పేరు ఎన్నిసార్లు వినలేదు! అది మన జిల్లాలోదే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, సాగర్ కుడి కాలువ కట్టేసి, బోర్లు గాలి కొడుతున్న వారాల్లో, తాగడానికి కొనుక్కునే నీళ్ళతో గడ్డిని తడపగలమా? తడిపినా, పక్కింటివాళ్ళు బిందె పట్టుకుని నిలబడ్డప్పుడు మన మనసుకు బాగుంటుందా?

"మా అబ్బాయి వాళ్ళింటి ముందు అమెరికాలో ఎంత చక్కటి లాన్ ఉందో" అనే మాట మన ఊళ్ళో తరచుగా వింటాం. ఆ లాన్ అందాన్ని కాదనడం లేదు. కానీ అక్కడి సంగతి కూడా తెలుసుకుందాం. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా గవర్నరు కరువు ఉత్తర్వులు ఇస్తూ పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించమన్నారు. 5 కోట్ల చదరపు అడుగుల లాన్ తీసేసి, నీళ్ళు తక్కువ తాగే మొక్కలు పెట్టించాలన్నారు. లాస్ వెగాస్‌లో గడ్డి పీకేసిన ఇంటివాళ్ళకు నీటి సంస్థే డబ్బులిస్తుంది. అక్కడ పీకేస్తున్నదాన్ని మనం ఇక్కడ డబ్బులిచ్చి పరిపించుకోవడం దేనికి?

2. మొక్కను నర్సరీలో వెతకకండి, కాలువ గట్టు మీద వెతకండి

లాన్‌కు బదులుగా ప్రపంచంలో ఇప్పుడు పేరు తెచ్చుకున్న మొక్కల్లో 'కురాపియా' ఒకటి. జపాన్‌లో ఉత్సునోమియా విశ్వవిద్యాలయానికి చెందిన కురమోచి అనే పరిశోధకుడు దాన్ని తయారుచేశారు. కాలిఫోర్నియాలో ఇళ్ళ ముందు గడ్డి తీసేసి దీన్ని పరుస్తున్నారు. విత్తనం కట్టదు, నేలకు అతుక్కుని పాకుతుంది, గడ్డి కంటే చాలా తక్కువ నీళ్ళు తాగుతుంది, చిన్న చిన్న తెల్లపూలు పూస్తుంది.

ఇంతకూ అది ఏ మొక్కలోంచి వచ్చిందో తెలుసా? మన బొక్కెనాకు నుంచి!

చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, పొలం బోదెల పక్కన అది పాకుతూ ఉంటుంది. మనం దాన్ని తొక్కుకుంటూ వెళ్తాం, గేదెలు నోరు పెట్టి వెళ్తాయి. ఒకసారి ఆగి, వంగి చూడండి. కాడ నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దింపుతుంది. ఆకులు జంటలు జంటలుగా ఉంటాయి, మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా. ఆకు అంచుకు పైసగంలో మాత్రమే రంపపు పళ్ళు కనిపిస్తాయి, కిందిసగం నున్నగా ఉంటుంది. గుర్తుపట్టడానికి ఇదే మంచి ఆనవాలు. ఆకు పక్క నుంచి సన్నటి పొడవాటి కాడ లేచి, దాని కొసన అగ్గిపుల్ల తలంత ఊదారంగు మొగ్గ నిలబడుతుంది. దాని చుట్టూ ఉంగరంలా చిట్టి చిట్టి పూలు, తెలుపులో లేత గులాబి కలిసి, విచ్చుకుంటాయి. కింది వరుస వాడేసరికి పై వరుస పూస్తుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నా తేనెటీగలు వాటి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. రెక్కల మీద నెమలికన్ను లాంటి చుక్కలుండే నారింజ రంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో ఇదొకటి. తమిళనాట దీన్నే పొడుదలై అంటారు, చుండ్రుకు నూనెలో కాచి తలకు రాసుకుంటారు.

తేమ ఉన్నచోట పుట్టిన మొక్క ఎండకు ఎలా ఆగుతుంది? మంచి ప్రశ్న. వేసవిలో కాలువ కట్టేసి, అడుగున మట్టి పెంకులు పెంకులుగా లేచినప్పుడు గట్టు మీదికి వెళ్ళి చూడండి. పైన గడ్డి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. బొక్కెనాకు వాడి, ఆకులు చిన్నవై, కాస్త ఎర్రబారి ఉంటుంది, కానీ బతికే ఉంటుంది. దాని వేళ్ళు గడ్డి వేళ్ళ కంటే లోతుకు దిగుతాయి. వాన పడిన వారంలో మళ్ళీ పచ్చబడుతుంది. మనకు కావలసింది ఈ గుణమే.

3. మీ జాగాకు ఏది సరిపోతుంది?

బొక్కెనాకు ఒక్కటే అక్కర్లేదు. జాగాను బట్టి ఎంచుకోండి.

నడిచే చోటికి, పిల్లలు ఆడుకునే చోటికి బొక్కెనాకు. రోజుకు ఐదారు గంటలైనా ఎండ తగలాలి. నల్లరేగడిలోనూ, గ్రావెల్ తోలించిన ఎర్రనేలలోనూ వస్తుంది. కాస్త ఉప్పు నీళ్ళనూ ఓర్చుకుంటుంది. మన బోర్ల సంగతి తెలిసిందే కనుక ఇది చిన్న విషయం కాదు.

కళ్ళకు రంగులు కావాలంటే, తొక్కని చోట, గడ్డి గులాబి. దీన్నే టేబుల్ రోజ్ అనీ, నాచు గులాబి అనీ అంటారు. ఆకులోనే నీళ్ళు దాచుకుంటుంది. పొద్దున ఎండ పడగానే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మనింట్లో మొలిచే గంగపాయల కూరకు ఇది చుట్టమే. కాలు పడితే నలిగిపోతుంది, నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఈ రెండూ లేకుండా చూస్తే మే నెలలో కూడా పూస్తుంది.

రాళ్ళనేల, మట్టి తక్కువున్న చోటు, గోడ వారన ఎండ మాడ్చేసే కొసలు అయితే విష్ణుక్రాంతం. వినాయకచవితికి తెచ్చే 21 పత్రుల్లో అదీ ఒకటి. మాచర్ల, గురజాల వైపు మెట్టల్లో దానంతట అదే మొలుస్తుంది. సన్నటి తీగలు, వేలిగోరంత నీలిపూలు. దట్టంగా కప్పదు, తొక్కుడుకు ఓర్వదు, కానీ అంత గడ్డునేలలో ఆ నీలిరంగు చూస్తే వదలబుద్ధి కాదు. నర్సరీలో 'బ్లూ డేజ్' అని అమ్మేది దీనికి దాయాది, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పువ్వు పెద్దది, కొమ్మ నాటితే సులువుగా బతుకుతుంది, కానీ నీళ్ళు మన విష్ణుక్రాంతం కంటే కొంచెం ఎక్కువ అడుగుతుంది.

పసుపు పూల 'పీనట్ గ్రాస్' కూడా నర్సరీలవాళ్ళు చూపిస్తారు. వేరుశనగకు చుట్టం. కాస్త నీడ, కాస్త తేమ ఉన్నచోట బాగుంటుంది. మన ఎర్రటి ఎండలో, నీళ్ళు లేనిచోట దాన్ని నేను సిఫారసు చేయను.

ఒక్క మొక్కను మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. వెడేలియా. నిగనిగలాడే ఆకులు, పసుపు చామంతి లాంటి పూలు, నెల తిరక్కుండా నేలంతా కప్పేస్తుంది. ఆ వేగమే దాని ప్రమాదం. ప్రపంచంలో అత్యంత హానికరంగా విస్తరించే 100 జీవుల జాబితాలో దాని పేరుంది. మీ గోడ దాటి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి పొలాల్లోకి వెళ్తే ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మరి బొక్కెనాకు పాకదా అంటారా? పాకుతుంది. దాని దాయాది మొక్క ఒకటి లాన్ కోసమని ఆస్ట్రేలియాకు వెళ్ళి, ముర్రే–డార్లింగ్ నదుల వరద మైదానాల్లో పెద్ద కలుపైంది. మన బొక్కెనాకు ఈ నేలకు కొత్తదేమీ కాదు. దాన్ని తినే పురుగులూ, పశువులూ ఇక్కడే ఉన్నాయి కనుక ఆ భయం లేదు. అయినా మీ పూలమడుల్లోకి రాకుండా నాపరాయి అంచు కట్టుకోండి.

4. నెల తప్పితే పని తప్పినట్టే

ఈ పనిలో ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారో చెప్పనా? మొక్కలో కాదు, ముహూర్తంలో. గృహప్రవేశం వైశాఖంలో ఉంటుంది, ఫోటోల్లో పచ్చగా కనిపించాలని ఏప్రిల్‌లో నాటేస్తారు. వేరు దిగని మొక్క మే నెల ఎండకు ఎలా ఆగుతుంది? కరువుకు తట్టుకునే మొక్క కూడా మొదటి మూడు నెలలు పసిబిడ్డే. తట్టుకునే శక్తి వేళ్ళు దిగాకే వస్తుంది.

కనుక ఇలా చేయండి. ఏప్రిల్, మే నెలల్లో నేల సిద్ధం చేయండి. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక, జూన్ ఆఖరు నుంచి ఆగస్టు లోపు నాటండి. అప్పుడు కుదరకపోతే అక్టోబరు మొదట్లో ఇంకో అవకాశం ఉంటుంది. నవంబరులో తుపాను వానలు పడితే నల్లరేగడిలో నీళ్ళు నిలుస్తాయి, గడ్డి గులాబి నాటడానికి అది బొత్తిగా మంచి సమయం కాదు.

గృహప్రవేశానికి పచ్చదనం కావాలంటారా? అరటిపిలకలు, మామిడి తోరణాలు, నాలుగు పూలకుండీలు చాలు. నేలను వాన దాకా ఆగనివ్వండి.

5. నేల తయారీలో ఒళ్ళు దాచుకోకండి

కొత్త ఇంటి జాగాలో పైన కనిపించేది మట్టి, కింద ఉండేది సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, ఇసుక, కడ్డీల ముక్కలు. ముందు వాటిని ఏరించండి. ఒక అడుగు లోతున తవ్వించి, గడ్డలు చితక్కొట్టి, సెంటుకు నాలుగైదు తట్టల చివికిన పశువుల ఎరువు, నాలుగైదు కిలోల వేపపిండి కలపండి. పచ్చి పేడ వద్దు, అందులోంచి కలుపు మొలుస్తుంది, చెదలు పడతాయి.

నల్లరేగడి అయితే ఇంకో పని. వేసవిలో ఆ నేల బారలు తీసి వేళ్ళను తెంపేస్తుంది. దాని మీద నాలుగంగుళాల మందాన ఎర్రమట్టి, ఎరువు కలిపి పరిచి నాటితే బారల బాధ చాలావరకు తగ్గుతుంది. వాననీళ్ళు గోడవైపు కాకుండా గేటువైపు లేదా ఇంకుడు గుంత వైపు వెళ్ళేలా వాలు పెట్టండి.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. తుంగ. పైన పీకితే కింద గడ్డ మిగిలిపోతుంది, వారంలో మళ్ళీ లేస్తుంది. రైతును అడగండి, తుంగ పేరు చెబితే నిట్టూరుస్తాడు. నాటాక దాన్ని ఏరడం నాటకముందు ఏరడం కంటే ఎన్నో రెట్లు కష్టం. అందుకే నేల తవ్వాక వెంటనే నాటకండి. ఒకసారి బాగా తడపండి. పది, పన్నెండు రోజుల్లో కలుపంతా మొలుస్తుంది. గడ్డతో సహా తవ్వి తీయండి. మళ్ళీ తడపండి, మళ్ళీ తీయండి. ఈ రెండు విడతలూ చేసినవాళ్ళకు తర్వాతి పనిలో సగం తగ్గుతుంది. కలుపు మందు కొట్టి చేతులు దులుపుకుందామనుకోకండి. అది మీ పిల్లలు చెప్పుల్లేకుండా తిరగబోయే నేల.

6. నాటడం ఇలా

మొదటి ఏడాదే సెంటంతా పెట్టకండి. పదడుగుల చదరపు మడితో మొదలుపెట్టండి. బొక్కెనాకు తీగలను జానెడు ముక్కలుగా కోయండి, ఒక్కోదానికి మూడు నాలుగు కణుపులుండాలి. ఆకులున్న కొస పైకి పెట్టి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా పడుకోబెట్టి నొక్కండి. అడుగుకు ఒకటి. ఆ మడికి వంద ముక్కలు చాలు. సెంటంతా అయితే 440 దాకా కావాలి, కానీ మొదటి మడి పరుచుకున్నాక దాని కొమ్మలతోనే మిగతాది నింపుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

తీగలు ఎక్కడివి? గట్టు మీద నుంచి ఒక సంచిలో పట్టేంత తెచ్చుకోండి, గట్టు బోడి చేయకండి. మిరప, పత్తి చేల పక్కన మందులు కొట్టే చోట తీయకండి. తెచ్చిన సాయంత్రమే నాటండి, వాడిపోయాక నాటితే సగం పోతాయి.

గడ్డి గులాబికి మూడు నాలుగంగుళాల కొమ్మలు తుంచి, కింది ఆకులు తీసి, కోసిన చోటు ఆరేదాకా కొన్ని గంటలు నీడన ఉంచి గుచ్చండి. విష్ణుక్రాంతం కొమ్మకు సులువుగా రాదు, వాన పడ్డప్పుడు మట్టిగడ్డతో సహా చిన్న మొక్కను తెచ్చి పెట్టాలి.

7. నీళ్ళు తగ్గించడం కూడా నేర్పాలి

నాటిన మొదటి రెండు వారాలు, వాన లేని రోజున రోజూ తడపండి. ఆ తర్వాత నెలరోజులు మూడు రోజులకొకసారి. రెండు నెలలు దాటాక వారానికొకసారి, అదీ వాన లేకపోతేనే. ఇక్కడ మీ చెయ్యి ఆగదు, నాకు తెలుసు. సాయంత్రం పైపు పట్టుకుని నిలబడటం మనకు ఒక సుఖం. కానీ రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి, లోతుకు దిగే అవసరం వాటికి రాదు. మీరు ఊరెళ్ళిన వారమే మొక్క చచ్చిపోతుంది. వారానికొకసారి, నిదానంగా, జానెడు లోతు తడిసేదాకా పెట్టండి. తడిసిందో లేదో ఇనుప చువ్వ గుచ్చితే తెలిసిపోతుంది.

మరుసటి వేసవిలో వారానికి చదరపు మీటరుకు 12 లీటర్లు చాలు. సెంటుకు 480, నెలకు సుమారు 2,000 లీటర్లు. గడ్డి లాన్‌కు పట్టే దాంట్లో మూడో వంతు. అది కూడా లేకపోతే? బొక్కెనాకు పచ్చదనం పోయి నేలకు కరుచుకుని కూర్చుంటుంది. పీకేయకండి. వాన దాకా ఆగండి.

ఈ నీళ్ళలో కొంత వంటింట్లోనే దొరుకుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు నేరుగా పోయొచ్చు. ఏసీ నీళ్ళు పట్టి పోయొచ్చు. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవే రోజూ పోస్తే మట్టి చవుడుబారుతుంది. ఒకసారి అవి, రెండుసార్లు మంచినీళ్ళు అని మార్చి పోయండి. వాషింగ్ మిషను సబ్బునీళ్ళు వద్దు.

8. తరచుగా జరిగే పొరపాట్లు

యూరియా చల్లడం. పచ్చగా లేదని పిడికెడు యూరియా వేస్తారు. మొక్క బలిసి, మెత్తబడి, పిండినల్లిని పిలుస్తుంది, నీళ్ళూ ఎక్కువ అడుగుతుంది. ఏడాదికొకసారి, తొలకరికి ముందు, చివికిన ఎరువు పలచగా చల్లితే చాలు.

నెల తిరిగేసరికి నేల కప్పలేదని బెంగపడటం. బొక్కెనాకు మొదటి నెలంతా వేరు పనిలో ఉంటుంది. రెండో నెలలో పాకుతుంది. మూడు నాలుగు నెలలకు మడి మూసుకుంటుంది. ఆలోపు వారానికి అరగంట కలుపు తీయాల్సిందే. వయ్యారిభామ, పల్లేరు పువ్వుకు రాకముందే పీకేయండి. ఒకసారి మడి మూసుకున్నాక కలుపుకు వెలుతురు అందదు.

కోయకుండా వదిలేయడం. నెలకో, ఆరు వారాలకో కత్తెరతోనో కొడవలితోనో రెండంగుళాల ఎత్తుకు తగ్గించండి. ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్ ఉండి పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడతారనుకుంటే రెండు రోజుల ముందు పూలు కోసేయండి, తేనెటీగలు రావు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, వాకిలంతా కప్పేయడం. ముగ్గు ఎక్కడ వేస్తారు? సంక్రాంతికి గొబ్బెమ్మలు ఎక్కడ పెడతారు? పచ్చళ్ళ కాలంలో మిరపకాయలు, వడియాలు ఎక్కడ ఎండబెడతారు? గేటు ముందు నాలుగడుగులు మట్టివాకిలిగా ఉంచండి. నడకదారికి మాచర్ల నాపరాళ్ళు రెండు అంగుళాల ఎడం వదిలి పరిస్తే ఆ సందుల్లో బొక్కెనాకు పాకుతుంది, చూడటానికి ఎంతో బాగుంటుంది. ఇంటిగోడకు ఆనుకుని అడుగున్నర వదిలేయండి, చెమ్మా చెదలూ రావు.

9. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే?

ఒక ఇంట్లో ఈ మాటలు జరుగుతున్నాయనుకుందాం.

"ఏంటమ్మాయ్, గట్టు మీద కలుపు తెచ్చి వాకిట్లో పెడుతున్నావ్? చూసినవాళ్ళు నవ్వరూ?"

"లేదత్తయ్యా, పోయినేడు లాన్ వేయించి ఎండబెట్టుకున్నాం కదా. దీనికి వారానికొకసారి నీళ్ళు పెడితే చాలు."

"పాములొస్తాయే! పల్నాడమ్మా ఇది."

అత్తగారి భయం కొట్టిపారేయాల్సింది కాదు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. కానీ పాము వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కునే చోటు కోసం. రెండంగుళాల ఎత్తు మొక్కలో అది దాక్కోవడం కష్టం. పేర్చి వదిలేసిన ఇటుకలు, కట్టెల మోపు, గోడ కింద ఎలుక బొక్క, మోకాలెత్తు పెరిగిన పిచ్చిమొక్కలు: దాని ఇళ్ళు అవి. వాటిని తీసేయండి. గోడ వెంట వదిలిన అడుగున్నర పట్టీ ఎప్పుడూ శుభ్రంగా ఉంచండి. రాత్రిపూట వాకిట్లోకి వెళ్తే టార్చిలైటు, కాళ్ళకు చెప్పులు తప్పనిసరి, లాన్ ఉన్నా టైల్స్ ఉన్నా సరే.

నవ్వేవాళ్ళ సంగతంటారా? వాదించకండి. పదడుగుల మడి పెట్టి, ఆ అంచునే గడ్డి గులాబి వరస వేయండి. రంగులు చూసి దగ్గరికి వచ్చినవాళ్ళు బొక్కెనాకును కూడా చూస్తారు. వద్దన్న అత్తగారికే ఆ మడి బాధ్యత అప్పగించండి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి కలుపు ఏరేది ఆవిడే అవుతారు. పనిలో చెయ్యి పెట్టినవాళ్ళు దాన్ని తమదనుకుంటారు. ఏ ఇంట్లోనైనా కొత్త పద్ధతి నిలబడేది అలాగే.

అపార్ట్‌మెంటులో ఉంటున్నారా? అసోసియేషన్ మీటింగులో మొత్తం లాన్ మార్చేద్దామని అడగకండి, గొడవ అవుతుంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కనో, వెనక గోడ దగ్గరో గడ్డి ఎలాగూ చచ్చిపోయిన ఒక ముక్క అడగండి. ఏడాది తర్వాత నీళ్ళ బిల్లు, ఆ ముక్క ఫోటో కలిపి చూపించండి. వెంచర్లవాళ్ళకూ ఇదే మాట: ఆర్చీ దగ్గర మెక్సికన్ గడ్డి ప్లాట్లు అమ్మేదాకా ఉంటుంది, కొన్నవాళ్ళకు మిగిలేది ఎండిన నేల. వాళ్ళకు బతికే మొక్క ఇవ్వండి.

10. ఈ వారం మీరు చేయాల్సింది

మీ వాకిట్లో ఎండ ఎక్కడ ఎన్ని గంటలు పడుతోందో చూసి కాగితం మీద గీసుకోండి. పిడికెడు మట్టి తీసి తడిపి పిసకండి. ముద్ద కట్టి వేలికి అంటుకుంటే నల్లరేగడి, విడిపోతే గ్రావెల్ నేల. మీ బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉంటే మట్టి, నీళ్ళు రెండూ గుంటూరు దగ్గర లాం ఫారం లాంటి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గానీ, దగ్గర్లోని భూసార పరీక్షా కేంద్రంలో గానీ చూపించండి. ఆదివారం కోటప్పకొండ వెళ్తారు కదా, తిరిగొచ్చేటప్పుడు దారిలో కాలువ గట్టు దగ్గర బండి ఆపి బొక్కెనాకు ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదీ చూడండి. ఆకు అంచున పైసగంలో పళ్ళున్నాయో లేవో పిల్లల చేత చూపించండి.

నేల ఏప్రిల్‌లో తవ్వించండి, కలుపు మేలో రెండుసార్లు తీయండి, తొలకరి పడ్డాక పదడుగుల మడి నాటండి. ఆ మడి ఒక వేసవి దాటిన తర్వాతే మిగతా సెంటు జోలికి వెళ్ళండి. అప్పటిదాకా టైల్స్ మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.